బండి లేని ఆరు నెలలు

మా గూడెంలో నలభై రెండు ఇళ్లు. మోటార్ సైకిళ్లు ముప్పై దాటాయి. ఎడ్ల జతలు ఇరవై కూడా లేవు. నా చిన్నప్పుడు ఊరంతటికీ ఒక్క సైకిల్ ఉండేది, అదీ పట్లాది. అంగడికైనా, చుట్టాలింటికైనా కాలినడకే. ముసలివాళ్లను, బాలింతలను తీసుకుపోవాలంటే కచ్చురం కట్టేవాళ్లు. ఇప్పుడు పత్తి అమ్మిన డబ్బులు చేతికి రాగానే ఇంట్లో పిల్లవాడు మొదట అడిగేది బండే. దాన్ని షోకు అని కొట్టిపారేయలేం. ఏజెన్సీలో బండే అంబులెన్సు. ఎరువు బస్తా మోసేది అదే, రేషన్ బియ్యం తెచ్చేది అదే, పెళ్లి పిలుపులకు తిరిగేది అదే. బస్సు రాని చోట బండి లేనివాడిని సగం మనిషిని చూసినట్టు చూస్తారు.

అలాంటి చోట బతుకుతూ నేను 2023 జూలై నుంచి 2024 జనవరి చివరి దాకా బండి ఎక్కలేదు. ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో, ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో మన పిల్లలకూ తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలని ఇది రాస్తున్నాను. మన ప్రాంతంలో ఏటా ఎవరో ఒకరు ఇలా మంచాన పడుతూనే ఉన్నారు. పడినవాడికి ఆసుపత్రిలో కాలు సంగతి చెబుతారు. బండి లేకుండా ఇన్నాళ్లు ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు.

నేను గోండు కుటుంబం నుంచి వచ్చినవాడిని. డీ.ఎడ్. చదివి, ఇరవై ఏళ్లుగా గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్నాను. ఇప్పుడు పనిచేసే బడి మా ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. మా గూడెం నుంచి తారు రోడ్డుకు రెండు కిలోమీటర్లు మట్టిబాట. తారు రోడ్డు మీద తొమ్మిది. అక్కడ దిగి మళ్లీ మూడు కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో రెండు వాగులు. బడిలో ఇరవై ఆరు మంది పిల్లలు, ఉపాధ్యాయుడిని నేను ఒక్కడినే. బండి మీద ముప్పై అయిదు నిమిషాలు. నా పాఠం, నా హాజరు, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, చివరకు బడి తాళం చెవి కూడా ఆ ముప్పై అయిదు నిమిషాల మీదే ఆధారపడి ఉండేవి.

జూలై రెండో వారంలో ఒక సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. మా గూడెం ఇంకో కిలోమీటరు ఉందనగా పత్తి చేనులోంచి ఒక ఎద్దు దేనికో బెదిరి తాడు తెంపుకుని బాట మీదికి దూకింది. ముప్పై దాటని వేగమే అయినా ఎద్దు, బండి, నేను ముగ్గురం ఒకచోట పడ్డాం. కుడి కాలు బండి కింద ఉండిపోయింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. తలకు హెల్మెట్ ఉంది, అది ఒక పక్క చీలింది, తల చీలలేదు. గూడెం పిల్లలు మంచం మీద మోసుకుని తారు రోడ్డు దాకా తెచ్చారు, అక్కడికి 108 వచ్చింది. పెద్దాసుపత్రిలో ఎముక లోపల రాడ్ వేశారు. ఆరు వారాలు కాలు నేల మీద ఆనించొద్దు అన్నారు. బండి ఎప్పుడు నడపొచ్చని అడిగితే డాక్టరు గారు, "ఆ సంగతి మీ ఎక్స్‌రే చెప్పాలి, నేను కాదు" అన్నారు.

ఇంటికి వచ్చాక మొదటి పదిహేను రోజులు నొప్పి కంటే చెవులు ఎక్కువ బాధపెట్టాయి. మట్టిబాట మీద వెళ్లే ప్రతి బండి శబ్దమూ నాకు తెలుసు. ఇది ఫలానా తమ్ముడి బండి, చైన్ వదులైంది. ఇది పాల బండి. ఇది కొత్త బండి, ఎవరిదో తెలియదు. పొద్దున ఎనిమిదిన్నర అయితే కాళ్లు వాటంతట అవే లేవబోయేవి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అడిగేవాళ్లు: "ఎన్నాళ్లకు బండి ఎక్కుతావు?" ఒకరికి రెండు నెలలు అని, ఇంకొకరికి మూడు అని చెప్పేవాడిని. చెప్పిన తేదీ దగ్గరికి వచ్చేకొద్దీ మనసు చెడేది. ఇంట్లోవాళ్ల మీద కోపం వచ్చేది.

తేదీలు లెక్కపెట్టడం మానేశాక కొంత తేలికైంది. దాని బదులు రోజుకు ఒక టైం టేబుల్ వేసుకున్నాను. మాస్టార్లకు తెలిసిన విద్య అదే కదా. మొదటి పీరియడ్ కాలి పని: పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టి తొడ బిగించి వదలడం, ఒక్కొక్కటి ఇరవైసార్లు. ఇది రోజుకు నాలుగుసార్లు చేయమన్నారు. కదలని కాలిలో కండ ఎంత త్వరగా కరుగుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నెల తిరిగేసరికి నా కుడి తొడ ఎడమ తొడలో సగమా అనిపించింది. ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. కండ అలా రాదు, మనం పని చేస్తేనే వస్తుంది. తిండిలో గుడ్లు, పప్పు, మా ఇంటి జొన్న రొట్టె. బీడీ, చుట్ట తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుకుతుందని ఆసుపత్రిలో చెప్పారు. నాకు ఆ అలవాటు లేదు. పక్క మంచంలో ఉన్నవాడికి ఉంది, ఆ మాట విని జేబులోని కట్ట తీసి వాళ్ల అన్నకు ఇచ్చేశాడు.

రెండో పీరియడ్ బండి పని. నడపకపోయినా బండికి పని ఉంటుందని చాలామందికి తెలియదు. పడిన బండిని బాగుచేయించి ఇంటి ముందు నిలబెడితే, మూడు నెలల తర్వాత స్టార్ట్ కాక, బ్యాటరీ చచ్చి, చైన్ తుప్పు పట్టి ఉంటుంది. నేను మంచం మీద కూర్చుని చెబుతుంటే మా మేనల్లుడు చేశాడు. బండిని సైడ్ స్టాండ్ మీద కాకుండా సెంటర్ స్టాండ్ మీద, వాన పడని చోట నిలిపాం. అలా చేస్తే టైరు మీద బరువు ఒకేచోట పడదు. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, నెలకొకసారి బ్యాటరీని చార్జింగ్‌కు పంపాం. నాది పాత కార్బురేటర్ బండి. అందులో పెట్రోలు నిలవ ఉంటే జిగురు కడుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు, అది గాలిలోని తేమను లాగుతుంది. అందుకని పెట్రోలు కాక్ మూసి కార్బురేటర్‌లో ఉన్నదంతా వంపేశాం. చైన్ తుడిచి నూనె రాశాం. ఎలుకలు వైర్లు కొరకకుండా సీటు కింద అప్పుడప్పుడు చూసేవాడు. సెప్టెంబరులో ఇన్సూరెన్స్ గడువు ఉంది. నడపని బండికి ఎందుకులే అని చాలామంది వదిలేస్తారు. ఆ మధ్యలో ఇంట్లో ఇంకెవరైనా అవసరానికి తీసి ఎవరికైనా తగిలిస్తే ఇల్లు అమ్ముకోవాలి. అందుకే గడువులోపే కట్టించాను.

ఆ పని చేయించేటప్పుడు నా మేనల్లుడు ఒక మాట అడిగాడు: "మామా, బండి మీద ఇంత కోపం రాలేదా నీకు?" కోపం బండి మీద రాలేదు, ఎద్దు మీదా రాలేదు. సెప్టెంబరులో పొలాల పండుగ వచ్చింది. ఆ రోజు మేం ఎడ్లకు కాడి కట్టం. కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఇళ్ల ముందుకు తీసుకొస్తే మొక్కి తినిపిస్తాం. నన్ను పడేసిన ఎద్దునూ దాని యజమాని మా ఇంటి ముందుకు తెచ్చాడు. లోపలికి రావడానికి మొహం చెల్లక దూరంగా నిలబడ్డాడు. మా అవ్వ చేటలో నైవేద్యం తీసుకుని వెళ్లి ఎద్దుకు తినిపించింది. "అది బెదిరింది. బెదిరినదానికి బాట కనబడుతుందా?" అని గోండీలో అతనితో అన్నది. నేను వాకర్ పట్టుకుని గడప దాకా వచ్చి రాం రాం చెప్పాను. అప్పుడు అతను లోపలికి వచ్చి కూర్చున్నాడు.

నా టైం టేబుల్‌లో మూడో పీరియడ్ బడి. నన్ను ఎక్కువ కలతపెట్టింది అదే. నేను వైద్య సెలవులో ఉండగా మా బడికి డిప్యుటేషన్ మీద ఒక యువ ఉపాధ్యాయుడిని పంపారు. మంచి పిల్లవాడు, నలభై కిలోమీటర్ల అవతల నుంచి బండి మీద వచ్చేవాడు. కానీ గోండీ రాదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెలుగు రాదు. వారం తర్వాత ఫోన్ చేశాడు. వాచకంలో "ఏరు" అనే మాట ఉంది, నది అని చెప్పాడట. ఒక పాప లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చిందట. "సార్, అది నన్ను ఎగతాళి చేస్తోందా, నాకు దాహమేస్తోందనుకుందా అర్థం కాలేదు" అన్నాడు. గోండీలో ఏర్ అంటే నీళ్లు. ఆ పాప చేసింది సరిగ్గా సరైన పని.

ఆ ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చునే ఒక నోటు పుస్తకం తీశాను. చిన్న పిల్లల క్లాసులో రోజూ వాడే మాటలు, ఒకవైపు గోండీ, ఒకవైపు తెలుగు, రెండూ తెలుగు లిపిలో రాయడం మొదలుపెట్టాను. రోన్ అంటే ఇల్లు. నై అంటే కుక్క. కిస్ అంటే నిప్పు. రెండు భాషలకూ దగ్గరగా ఉండే మాటలు వేరే పేజీలో రాశాను: కాల్ అంటే కాలు, పాల్ అంటే పాలు. అలాంటివి ముందు నేర్పితే పిల్లవాడికి తెలుగు పరాయి భాష అనిపించదు. ఏరు లాంటి మోసం చేసే మాటలకు ఎర్ర గీత పెట్టాను. మూడు వారాల్లో రెండు వందల పై చిలుకు మాటలయ్యాయి. మా మేనల్లుడు ఫోటోలు తీసి ఆ మాస్టారుకు పంపాడు. ఆయన వాటిని చార్టుల మీదికి ఎక్కించి గోడకు అంటించాడు. నేను బడికి తిరిగి వెళ్లినరోజు చూస్తే, ఆ చార్టుల కింద పిల్లలు తమంతట తాము ఇంకో నలభై మాటలు చేర్చి ఉన్నారు. రెండింటిలో నేను గోండీ తప్పు రాశానని కొట్టివేసి సరిచేశారు. వాళ్ల గూడెంలో పలికేది వేరు, మా గూడెంలో పలికేది వేరు.

ఇరవై ఏళ్లు ఆ మాటలన్నీ నా నోట్లో ఉన్నాయి. నోట్లో ఉన్నంతకాలం అవి నా బండితోపాటే బడికి వచ్చి బండితోపాటే ఇంటికి పోయేవి. గోడ మీదికి ఎక్కాక బడిలోనే ఉండిపోయాయి. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండీలో వాచకాలు కూడా తయారుచేశారు. ఆనాటి మా పెద్దలకు బండ్లు లేవు, రోడ్లే లేవు. అయినా పిల్లవాడి భాషలో చదువు మొదలవ్వాలనే సంగతి వాళ్లు కాగితం మీద పెట్టి వెళ్లారు. గిరిజన ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 సంవత్సరపు జీవో నంబర్ 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రేపు మా బడులకు గోండీ రాని ఉపాధ్యాయులు ఇంకా ఎక్కువగా రావచ్చు. వాళ్ల మీద కోపగించుకుని లాభం లేదు. మనం తెలిసినది రాసి ఉంచాలి. ఇది నాకు మంచం మీద తట్టిన పని. బండి మీద తిరిగే రోజుల్లో సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి పడేది, కూర్చుని రాసే పొద్దు దొరికేది కాదు.

దసరా సెలవులు అయ్యాక అక్టోబరు చివర్లో, చేతికర్రతో బడికి వెళ్లడం మొదలుపెట్టాను. డాక్టరు నడవమన్నారు, బండి మాత్రం ఇంకా వద్దన్నారు. కుడి కాలితో వెనక బ్రేకు గట్టిగా తొక్కే బలం రావాలి, ఆ ఒక్క కాలి మీద నిలబడగలగాలి, అంతవరకు ఆగమన్నారు. ఇంట్లో పొద్దున ఏడుకు బయలుదేరితే తారు రోడ్డు దాకా ఎవరో ఒకరి ఎడ్లబండి. అక్కడ పల్లె వెలుగు బస్సు, అది రాకపోతే షేర్ ఆటో. దిగాక మూడు కిలోమీటర్ల నడక, నా కాలితో గంటకు పైనే. ముప్పై అయిదు నిమిషాల దూరం రెండున్నర గంటలైంది. సాయంత్రం మళ్లీ అంతే.

మొదటి వారం కాలు వాచేది. ఉద్యోగం మాని మంచం ఎక్కుదామనిపించేది. తర్వాత బాట తెలియడం మొదలైంది. బండి మీద వెళ్లేవాడి కన్ను ముందు గుంత మీద, రాయి మీద ఉంటుంది. అలా ఉండాలి కూడా, లేకపోతే పడతాడు. నడిచేవాడి కన్నుకు పక్క చేలు కూడా కనిపిస్తాయి. బడికి కిలోమీటరు ముందు, బాటకు లోపలగా పత్తి చేను మధ్య ఒక గుడిసె ఉంది. పత్తి ఏరడానికి వేరే మండలం నుంచి వచ్చిన కుటుంబం అప్పుడే దిగింది. అలుపు తీర్చుకోవడానికి అక్కడ గట్టు మీద కూర్చునేవాడిని. మూడో రోజు ఇద్దరు పిల్లలు దగ్గరికి వచ్చారు, ఆరేళ్లదొకటి, ఎనిమిదేళ్లవాడొకడు. నా కర్ర చూడ్డానికి వచ్చారు. మర్నాటి నుంచి నాతోపాటే బడికి నడిచారు. వాడు నా సంచి మోసేవాడు, పాప కర్ర పట్టుకుని ముందు నడిచేది, నాకు కర్ర కావాల్సినప్పుడు అడిగి తీసుకోవాల్సి వచ్చేది. పత్తి అయిపోయి వాళ్లు వెళ్లిపోయేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, ఇద్దరూ బడి మానలేదు. వెళ్లేటప్పుడు వాళ్ల ఊరి బడికి ఒక చీటీ రాసిచ్చాను.

బస్సులో, ఆటోలో, నడకలో నాతో ఉన్నవాళ్లు ఎవరా అని చూస్తే దాదాపు అందరూ ఆడవాళ్లే. కొందరు ముసలివాళ్లు, కొందరు బడిపిల్లలు. మా గూడెంలో ముప్పై బండ్లున్నాయని మొదట చెప్పాను. వాటిలో ఆడవాళ్లు నడిపేది ఒక్కటీ లేదు. మా అవ్వకు డెబ్బై దాటాయి. ఆమె ఎప్పుడూ తన ఇష్టప్రకారం బండి మీద ఎక్కడికీ పోలేదు. ఎవరో తీసుకుపోతే పోయింది, లేదంటే నడిచింది. నా భార్య అంగడికి పోవాలంటే నేనో, మా తమ్ముడో, మేనల్లుడో ఖాళీగా ఉండాలి. నాకు ఆరు నెలలే గడువు. వాళ్లకు అది పుట్టినప్పటి నుంచి ఉన్న బతుకు. వాళ్లకు దాంతో నడిపే నేర్పు కూడా ఉంది. ఏ ఆటో ఏ రోజు ఎన్ని గంటలకు పోతుందో, ఏ డ్రైవరు అప్పు పెడతాడో, వాగు ఎక్కడ దాటితే మోకాలి లోతే ఉంటుందో, ఎవరి సంచి ఎవరు మోయాలో, అంతా వాళ్లకు నోటికి వచ్చు. ఆటోలో నాకు కాలు చాపుకునే చోటు చూపించి, దిగేటప్పుడు కర్ర అందించి, ఆ నేర్పు నాకు కొంచెం కొంచెంగా నేర్పింది వాళ్లే.

డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. వారం తిరగకముందే మా బస్సు నిండిపోయింది. కర్ర పట్టుకున్న నేను నిలబడే ప్రయాణం చేసిన రోజులున్నాయి. కానీ ఆ బస్సులో వినిపించిన మాటలు వేరు. ఒకామె మూడేళ్ల తర్వాత పుట్టింటికి పోతున్నానన్నది. ఇంకొకామె ఆసుపత్రికి, ఇంకో ఇద్దరు బ్యాంకులో తమ పాస్ పుస్తకం తామే చూసుకోవడానికి. ఎవరినీ బతిమాలకుండా బయలుదేరిన మనుషుల మాట తీరే వేరుగా ఉంటుంది. బస్సు వచ్చే ఊళ్లకు ఇది సరే. తారు రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల ఉన్న మా గూడెం, మూడు కిలోమీటర్ల లోపల ఉన్న మా బడి గూడెం సంగతి? టికెట్ ఉచితం, బస్సు దాకా నడక మాత్రం పాతదే. రెండు గూడేల ఆడవాళ్లూ వేలిముద్రలు, సంతకాలు పెట్టి బస్సు లోపలికి నడపాలని దరఖాస్తు ఇచ్చారు. రాసిపెట్టింది నేను. ఇంతవరకు జవాబు రాలేదు. రెండోసారి కూడా ఇచ్చారు.

జనవరి చివర్లో ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నారు. ఆ రోజే బండి ఎక్కి ఊరంతా తిరుగుతాననుకున్నారు మావాళ్లు. బండి తీసి, బ్యాటరీ తగిలించి, కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేశాం. మూడో కిక్కుకు లేచింది, కిక్కు కొట్టింది మేనల్లుడు. నేను ఎక్కి కూర్చున్నాను. కాలికి బలం ఉంది, చేతులకు అలవాటు ఉంది. అయినా ఎద్దు దూకినచోటు తలచుకోగానే పొట్టలో చల్లబడింది. ఈ భయం గురించి మగవాళ్లం మాట్లాడుకోం. పడి లేచిన ప్రతివాడికీ ఇది ఉంటుంది. ఒకళ్లు దాన్ని దాచడానికి ఇంకా వేగంగా నడుపుతారు, ఇంకొకళ్లు బండి అమ్మేస్తారు. రెండూ అక్కర్లేదు. నేను మొదటి వారం బడి మైదానంలో మాత్రమే నడిపాను, పిల్లలు ఇంటికి పోయాక. రాళ్లు పెట్టుకుని వాటి చుట్టూ తిప్పడం, బ్రేకు కొట్టి రెండు గీతల మధ్య ఆపడం. రెండో వారం తారు రోడ్డు మీద, పగటిపూట, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా. మూడో వారం మట్టిబాట. ఆ చోటు దగ్గర బండి ఆపి, దిగి, నడిపించుకుంటూ దాటాను. అలా నాలుగు రోజులు. అయిదో రోజు ఎక్కే దాటాను. కెరమెరి ఘాట్ రోడ్డు ఎక్కింది మాత్రం ఎండాకాలం సెలవుల్లోనే.

యువకులకు ఒక లెక్క చెప్పాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో దాదాపు 75 వేల మంది మోటార్ సైకిళ్లు, స్కూటర్ల మీద ఉన్నవాళ్లే. మా గూడెంలో ముగ్గురు నడుస్తూ వెళ్లినప్పుడు తల పగిలినవాడు లేడు. ఒకే బండి మీద ముగ్గురు వెళ్లినప్పుడు పగిలినవాడున్నాడు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనండి, బెల్టు బిగించండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగా కనిపించినా మళ్లీ వాడకండి. నా చీలిన హెల్మెట్ బడి గోడకు వేలాడుతోంది, ఏదైనా చెప్పాల్సి వస్తే దాన్ని చూపిస్తాను. దెబ్బ తగిలినవాడిని ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా కాపాడే నిబంధన 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది, భయపడి పక్కకు తప్పుకోకండి.

ఇప్పుడు మళ్లీ బండి మీదే బడికి పోతున్నాను. నడక మంచిదని రోజూ రెండున్నర గంటలు నడవమని ఎవరికీ చెప్పను. ఇరవై ఆరు మంది పిల్లలు నా కోసం చూస్తుంటారు, త్వరగా చేరాలి. కానీ బుధవారం నాడు బండి తారు రోడ్డు దగ్గర చెట్టు కింద పెట్టి ఆ మూడు కిలోమీటర్లు నడుస్తాను. పత్తి కాలంలో గుడిసెలు ఎక్కడ పడ్డాయో చూస్తాను. ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మా అన్న కూతురు ఇంటర్ చదువుతోంది, పద్దెనిమిది నిండాయి. దానికి లెర్నర్ లైసెన్సు తీయించి, మైదానంలో అవే రాళ్లు పెట్టి నేర్పుతున్నాను. మొదట్లో ఊళ్లో కొందరు నవ్వారు. మొన్న మా అవ్వకు జ్వరమొస్తే మగపిల్లలు ఎవరూ ఊళ్లో లేరు. అదే వెనక కూర్చోబెట్టుకుని నెమ్మదిగా తారు రోడ్డు దాకా దింపింది, పక్కన నేను నా బండి మీద ఉన్నాను. అవ్వ నా బండి ఎక్కనన్నది. దాని బండే ఎక్కింది.

తోటి ఉపాధ్యాయులకు చివరగా ఒక పని. ఒంటరి ఉపాధ్యాయుడి బడి అయితే మరీ ముఖ్యం. రేపు మీ బండి ఆగిపోతే, మీరు మంచాన పడితే బడి ఎలా నడుస్తుందో ఒక కాగితం మీద రాసి బడిలో పెట్టండి. రెండో తాళం చెవి గూడెంలో ఎవరి దగ్గర ఉంది. ఏ బస్సు ఎన్ని గంటలకు తారు రోడ్డు మీద ఆగుతుంది. వాగు పొంగితే ఏ దారి. వంట ఆమెకు బియ్యం లెక్క ఎవరు రాసిస్తారు. అయిదో తరగతిలో చిన్నవాళ్లకు మాటలు చెప్పగల పిల్లలు ఎవరు. మీ బడి పిల్లల భాషలో మొదటి వంద మాటలు ఏవి. మా బడిలో ఆ కాగితం హాజరు పుస్తకం మొదటి పేజీకి అంటించి ఉంది. దాన్ని రాయడానికి ఒక సాయంత్రం చాలు, కాలు విరగక్కర్లేదు.